బాబాయి ఇస్త్రీ కొట్టూ, కుళ్ళుబోతు డ్రాగనూ

మా బాబాయి ఒకరిని మెచ్చుకోగా విన్నవాళ్ళు మా వంశంలో లేరు. నేను బడిలో మొదటి స్థానం తెచ్చుకుంటే, "ఏం, మిగతావాళ్ళకి జ్వరాలొచ్చాయా?" అన్న మనిషి. అలాంటివాడికి దేవుడు ఏరికోరి కుళ్ళుబోతు డ్రాగన్‌ని అంటగట్టాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత మరి.

బాబాయిది ఇస్త్రీ కొట్టు. వీధివైపు గదిలో ఒక బల్ల, దానిమీద నాలుగు మడతల దుప్పటి, మూల ఇనుప పలక, పలకమీద మూడు ఇస్త్రీ పెట్టెలు. పలక కింద డ్రాగన్ ఉండేది. పిల్లికంటే కాస్త పెద్దది, బూడిదరంగు. రోజుకి గుప్పెడు బొగ్గులు తిని, తోక నోట్లో పెట్టుకుని పడుకునేది. దాని పొలుసులు రాలి చొక్కా జేబుల్లో దొరికేవి. ఈ జాతి తిన్న బొగ్గు గొంతు కింద సంచిలో ఆవిరవుతుంది కానీ, ఆ ఆవిరి ఊరికే అంటుకోదు. పెంచినవాడు దాని ఎదుట ఇంకొకరిని పొగడాలి. అప్పుడు దానికి ఒళ్ళు మండుతుంది, మన పెట్టె వేడెక్కుతుంది.

అందుకని బాబాయి రోజూ పొద్దున్నే ఆముదం తాగిన మొహం పెట్టి, గోడకేసి చూస్తూ పొగిడేవాడు. "ఎదురింటి పిల్లి ఎంత అందంగా ఉందో!" భగ్గు. "టైలరు గొంతు ఎంత తియ్యనో!" భగ్గు. ఒకసారి, "మా ఆవిడ కూర అమృతం!" అన్నాడు. వంటింట్లోంచి పిన్ని చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. అప్పటికే ఆయన తడివేలితో పెట్టె వేడి చూసుకుంటున్నాడు.

"ఆ మాట నాకు కాదులే, పెట్టెకి," అని వెనక్కి వెళ్ళిపోయింది పిన్ని. నాకు బాబాయి మీద ఒళ్ళు మండింది. నా గొంతులో ఆవిరి సంచి లేదు కాబట్టి బతికిపోయాడు.

ఇంతా చేసి ఆయన వారానికో చొక్కా కాల్చేవాడు. కాలిన చొక్కా పట్టుకుని వెళ్ళి తిట్లు తిని వచ్చేది పిన్నే.

డ్రాగన్ వచ్చిన ఎనిమిదో ఏడు మంట తగ్గిపోయింది. బాబాయి బొగ్గు మార్చాడు, మిరియాలు పెట్టాడు, వీధిలో ఉన్నవాళ్ళందరినీ పొగిడాడు. డ్రాగన్ ఆవులించింది. బట్టలు కుప్పలు పడ్డాయి. డాక్టరు గారు నలిగిన చొక్కాతో తిరగడం ఊరంతా చూసింది. ఇంతలో డ్రాగన్ల తనిఖీ అధికారి వస్తున్నాడని కబురు. మూడుసార్లు పొగిడినా మండకపోతే దాన్ని కొండల్లో విశ్రాంతి కేంద్రానికి తీసుకుపోతారు.

బాబాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. కొట్టు మూతపడుతుందని బెంగ అన్నాడు. అబద్ధం. ఆయన బెంగంతా దానిమీదే. ఎవరూ చూడకుండా దాని వీపు నిమరడం నేను చూశాను.

అధికారి వచ్చి కుర్చీలో కూర్చుని కాగితం తీశాడు. "ఊఁ, కానివ్వండి."

"అయ్యగారూ, మీ అంత అందగాణ్ణి నేను చూడలేదండీ," అన్నాడు బాబాయి.

డ్రాగన్ చెవి గోక్కుంది. అధికారి కాగితం మీద ఒకటి అంకె వేసుకున్నాడు.

"మా అన్నయ్య కూతురండీ ఇది. మా ఇంట్లో దీనంత తెలివైనవాళ్ళు లేరు."

డ్రాగన్ నావైపు చూసి కళ్ళు మూసుకుంది. అధికారి రెండు వేసి, వంగి దాని గడ్డం ఎత్తి చూశాడు. "మీసాలొచ్చాయి కదండీ! మీసాలొచ్చాక ఇది పొగిడేవాళ్ళ గుండె చప్పుడు వింటుంది. ఉత్తుత్తి పొగడ్తలకి మండదు. ఇన్నేళ్ళు పెంచి ఇదీ తెలీదా?"

అంటే నా తెలివి సంగతి తేలిపోయింది. నా పరువు గంగలో కలిసింది.

"మీసాలొచ్చాక దీనికైనా బుద్ధొచ్చింది," అంది పిన్ని. డ్రాగన్‌ని పంపడానికి బుట్టలో పాత దుప్పటి పరిచి, గుమ్మంలో పట్టుకుని నిలబడి ఉంది.

మిగిలింది ఒక్కసారి. బాబాయి గోడకేసి చూశాడు, పైకప్పుకేసి చూశాడు. నిజంగా మెచ్చుకోవడం ఎలాగో ఆయనకి తెలిస్తేగా! చివరికి బుట్టకేసి, బుట్ట పట్టుకున్న మనిషికేసి చూశాడు.

"కాలిన చొక్కాలన్నీ తనే కాల్చానని చెప్పి వచ్చేది," అన్నాడు మెల్లగా. "ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు. నాకు తెలీదనుకుంది. తెలుసు. ఇలాంటి మనిషి నాకు దొరకడం నా అదృష్టం."

భగ్గుమంది. మూడు పెట్టెలూ ఎర్రబడ్డాయి. అధికారి కాగితం సగం, ఎడమవైపు మీసం మొత్తం కాలిపోయాయి. ఆయన చెంప తడుముకుంటూ, మిగిలిన సగం కాగితం మీద "మండును" అని రాసిచ్చి వెళ్ళిపోయాడు. పిన్ని బుట్ట కింద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బాబాయి ఎందుకైనా మంచిదని చొక్కాలు లెక్కపెట్టసాగాడు.

ఆ డ్రాగన్ ఒకసారి మండిన మాటకి రెండోసారి మండదు. అందుకని బాబాయి రోజుకో కొత్త నిజం వెతుక్కోవాలి. పిన్ని ఎంత పనున్నా ఆ వేళకి గుమ్మంలోకి వస్తుంది. మొన్నొక రోజు ఆయనకి ఏమీ తోచక, "మా ఆవిడ కూర అమృతం," అన్నాడు. పలక కింద పొగైనా రాలేదు.

"ఉప్పెక్కువైంది కదూ?" అంది పిన్ని.

"ఎక్కువే. అయినా నువ్వు వండావని రెండుసార్లు వడ్డించుకుంటాను."

పెట్టెలు కాలాయి.