చీర కవరు మీద చిన్నమ్మ

పోయిన వారం కర్నూలులో, నాతో పాటు పనిచేసి రిటైరైన స్నేహితురాలి కూతురి గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాలయ్యాక ఆ అమ్మాయి బొట్టు పెట్టి, తాంబూలంతో పాటు ఒక చీర చేతిలో పెట్టింది. "మీ కడప పక్క చేనేత చీరే ఆంటీ, ఫోన్లో తెప్పించినాను" అంది సంతోషంగా. ప్లాస్టిక్ కవరు మీద ఒక ఫోటో ఉంది. గుంట మగ్గంలో కూర్చున్న ముసలామె, ముక్కు మీదికి జారిన కళ్లజోడు, కుడిచేత్తో పైకెత్తి పట్టుకున్న, అడ్డపోగు నేసే నాడె. పోయిన వానాకాలంలో చనిపోయిన మా చిన్నమ్మ. చాలా బాగుందమ్మా అని చెప్పి చీరను సంచిలో పెట్టుకున్నాను. కొత్త ఇంట్లో అంతకంటే ఏం చెప్పగలను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. కడప జిల్లాలో ఒక నేతపని ఊరికి కోడలుగా వెళ్లింది. పిల్లలు లేరు. భర్త తొందరగానే పోయాడు. ఆ ఇంట్లో మిగిలింది ఒక మగ్గం, ఒక పిల్లి. మా వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో చల్లగా ఉండే చోటు మగ్గం గుంట ఒక్కటే. చిన్నమ్మ అందులో కాళ్లు పెట్టుకుని నేస్తూ ఉంటే పిల్లి ఆమె పాదాల పక్కన పడుకునేది. గంజి వాసన, తడి నూలు వాసన, పిల్లి వాసన కలిసి ఉండే ఆ గది నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు, అంటే చీర నిలువు పోగులు, సాచి గంజి పట్టించేవాళ్లు. పడుగు కింద నుంచి వంగి పోవచ్చు గానీ దాటకూడదు. ఒకసారి ఎలక్షన్ల ఊరేగింపు వచ్చి ఆగిపోతే చిన్నమ్మ గంజి కుంచె చేతిలో పట్టుకునే, "పక్క వీధిలో గూడా ఓట్లు ఉండాయి, అట్ల పోండప్పా" అని పంపించేసింది. వాళ్లు నిజంగానే అటు వెళ్లారు.

ఆ ఊళ్లో మగ్గాన్ని ఖాళీగా ఉంచరు. పడుగు అయిపోయి చివరి చీర కోసేటప్పుడు జానెడు పోగులు దువ్వెనలాంటి మగ్గం అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు రాగానే, వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను మెలిపెట్టి అతుకుతారు. ఒక్కొక్కటిగా, వేల పోగులు. ఆ లెక్కన వాళ్లత్త కాలం నుంచి తన మగ్గం మీద దారం తెగలేదని చిన్నమ్మ నమ్మకం. పాత పోగులు ఎప్పుడో చీరల్లో వెళ్లిపోయి ఉంటాయి కదా చిన్నమ్మా అన్నాను ఒకసారి. "మీ అవ్వ గూడా పోయింది. నువ్వు తెగిపోయినావా యేంది?" అంది తల ఎత్తకుండానే.

కళ్లు మసకబారాక ఆ అతికే పని ఎదురింటామె చేసిపెట్టేది. అది ఆ వీధిలో కూలి లేని పని. ఈమె ఆమె ఇంటికి నూలు కండెలు చుట్టి ఇస్తుంది, ఆమె వచ్చి ఈమె పోగులు అతుకుతుంది. ఇద్దరూ రోజంతా తిట్టుకుంటూనే ఉండేవాళ్లు. "నీ పోగులు గూడా నీ మాదిరే అక్కా, యాడ ముట్టుకున్యా తెగుతాండాయి" అనేది ఎదురింటామె. "నీ నోటికంటే మెత్తనివేలే, అతుకు" అనేది చిన్నమ్మ.

నేసిన చీరలన్నీ పట్నం షావుకారుకే వేయాలి. ఆయన చెప్పిందే ధర. ఇంకో దారి ఉందని ఆ వీధికి చూపించింది మా మేనమామ కొడుకు. బస్టాండు దగ్గర జెరాక్సు, సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాడు. చిన్నమ్మకు మేనల్లుడు, చిన్నప్పుడు ఆమె ఒడిలోనే ఎక్కువ పెరిగాడు. "ఫోన్లో పెడితే ఈడ నేసిన చీర బెంగుళూరులో కొంటారత్తా, నడుమ షావుకారు యాల?" అన్నాడు. ముందు ఫోటో తీశాడు. నాడె చేత్తో ఎత్తి పట్టుకోమన్నాడు. తాడు లాగితే నాడె దానంతట అదే పరుగెత్తే మగ్గం అది. నాడెను ఎవరూ చేత పట్టుకోరు. "ఇట్ల పట్టుకోని కూచుంటే చీర ఎవురు నేస్తార్రా?" అని నవ్వుతూనే పట్టుకుంది. చీరలు నిజంగానే అమ్ముడుపోయాయి. మూలపడిన మగ్గాలు కూడా మళ్లీ ఆడాయి. ఎదురింటామె కొత్త ఫ్యాను కొనుక్కుని, అది తిరుగుతుంటే చూడమని చిన్నమ్మను పిలిచింది. ఆ ఏడాది నేను వెళ్లినప్పుడు వీధి అంతా మగ్గాల చప్పుడే.

కొనేవాళ్లకు ఒక అనుమానం ఉండేది: ఇది చేత్తో నేసిందేనని ఎలా తెలుస్తుంది? దానికి మేనల్లుడు చిన్నమ్మ చేతే ఒక వీడియోలో జవాబు చెప్పించాడు. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా రెండు కొసలా సూదులున్న కర్రను అడ్డంగా గుచ్చి పెడతారు. ఆ సూదుల బెజ్జాలు అంచుల్లో మిగిలిపోతాయి. "వెలుగుకు పెట్టి చూడండమ్మా. ఆ బెజ్జాలు ఉంటే మేము నేసిందే" అని చిన్నమ్మ చీర అంచు ఎత్తి చూపించింది. వీధంతా ఆ వీడియోను మళ్లీ మళ్లీ పెట్టుకుని చూసింది.

తర్వాత వీధికి ఆర్డర్లు తగ్గాయి. సీజను కాదత్తా అన్నాడు మేనల్లుడు. చిన్నమ్మ అదే మాట వీధికి చెప్పింది. మేనల్లుడి మాట గనుక తన మాటగానే చెప్పింది.

ఒక మధ్యాహ్నం నంద్యాల నుంచి ఒకామె బస్సు దిగి, కవరు మీది ఊరి పేరును బట్టి వెతుక్కుంటూ వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఒక్క ఉతుకుకే రంగు పోయిన చీర అరుగు మీద పరిచి, కవరు చూపించి, "ఈ ఫోటోలో ఉండేది నువ్వేనా అమ్మా?" అంది. చిన్నమ్మ చీర అంచు వెలుగుకు పెట్టింది. బెజ్జాలు ఉన్నాయి. చేత్తో జరిపే కర్ర బెజ్జాలు కొంచెం అటూ ఇటూ పడతాయి. ఇవి కుట్టుమిషను వేసినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. చిన్నమ్మ ఆ వరుసను వేలితో కొస దాకా తడిమి చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, బీరువాలోంచి తన కోసం నేసుకున్న చీర తెచ్చి ఆమెకు ఇచ్చింది. "ఇది తీసకపో. ఫోటోలో ఉండేది నేనే గదా" అంది.

సాయంత్రం మేనల్లుడు వచ్చాడు. దాచలేదు. ఎక్కడో మరమగ్గాల దగ్గర కొంటున్నాడట. బెజ్జాలు తర్వాత వేయిస్తున్నాడట.

"నువ్వు నెలంతా నేసేది కొనేవాళ్లు ఒక దినంలో అడుగుతాండారత్తా. లేవంటే ఇంగ నా తట్టు చూడరు. నేనేం చెయ్యల్ల?"

"చెయ్. నా మొగం యాల దానిమింద?"

"నీ మొగం చూసే కొంటాండారు."

"అట్లయితే ఇంగ నేసేది యాలరా" అంది చిన్నమ్మ.

అతను తల దించుకున్నాడు. కవర్ల మీది ఫోటోను మాత్రం తీసేయలేదు.

వీధికి సంగతి తెలియడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. కవరు మీద ఉన్నది చిన్నమ్మ. బెజ్జాల గుట్టు చెప్పింది చిన్నమ్మ. సీజను కాదన్నదీ చిన్నమ్మే. ఆమెకు తెలియకుండా జరిగిందంటే నమ్మడం కష్టమే. ఆ వీధిలో ఉంటే నేనూ నమ్మి ఉండేదాన్ని కాదేమో. ఆమె మగ్గం మీద పడుగు అయిపోయింది. కొత్త పడుగు తెచ్చుకుని, పోగులు అతకడానికి రమ్మని ఎదురింటికి కబురు పంపింది. "వాళ్ల అల్లుని మిషన్లు అతుకుతాయిలే, పో" అని తిరుగు కబురు వచ్చింది. చిన్నమ్మ కోపం తెచ్చుకోలేదు. బూడిద గిన్నె దగ్గర పెట్టుకుని తానే కూర్చుంది. పోగు కనిపించదు, కనిపించింది చేతికి దొరకదు, దొరికింది తెగిపోతుంది. నేను సాయం చేయబోతే నా అతుకులు లాగగానే ఊడిపోయాయి. మూడో రోజు గిన్నె కడిగి వంటింట్లో బోర్లించింది. ఆ మగ్గం ఆ తర్వాత ఆడలేదు. పిల్లి మాత్రం గుంట వదల్లేదు.

ఆమె పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది మేనల్లుడే. అది నటన అని నేను అనను. అతనికి ఆమె మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమ అతన్ని ఏదీ చేయకుండా ఆపలేదు, అంతే. శవాన్ని తీసుకెళ్లాక ఎదురింటామె లోపలికి వచ్చి మగ్గం దగ్గర నిలబడింది. అచ్చులో వేలాడుతున్న పాత పోగుల దుమ్ము దులిపి, చిక్కుపడకుండా గుప్పెడు గుప్పెడుగా ముడివేసింది. "తానే వచ్చి ఒక్క మాట నన్ను అడిగింటే వచ్చిందును గదా, మనిషితో చెప్పి పంపిస్తాదా" అంది, నాతో కాదు, మగ్గంతో. అడిగి ఉంటే వచ్చేదో లేదో నాకు తెలియదు.

గృహప్రవేశం నుంచి ఇంటికి వచ్చాక చీర అంచు కిటికీ వెలుగుకు పెట్టి చూశాను. బెజ్జాలు వరుసగా, ఏ తేడా లేకుండా ఉన్నాయి. చీరను మళ్లీ మడతపెట్టాను గానీ కవరును ఏం చేయాలో తోచలేదు, చించలేను, దాచుకోలేను. అది ఇప్పుడు బల్ల మీద ఉంది. చిన్నమ్మ నాడె ఎత్తి పట్టుకుని అలాగే కూర్చుని ఉంది. పోయినవాళ్లను కాలం పనిలోంచి విడిచిపెడుతుందని అనుకునేదాన్ని. చిన్నమ్మను ఇంకా విడిచిపెట్టలేదు.