తంగేడుకు చెవులుంటాయి

ఇది యుద్ధగాథ. ఇందులో ఒక వీరుడున్నాడు, ఏనుగంత బరువున్న ఇనుప ఆయుధముంది, ఒక యువకుడి భవిష్యత్తుంది. ఇలా మొదలుపెట్టాలని చాలా కోరిక. నిజానికి ఇది ఇంటర్ రెండో సంవత్సరంలో నేను ఒక తంగేడు కొమ్మను ఎండబెట్టిన కథ. రక్తం చిందలేదు. మిషన్ ఆయిల్ మాత్రం కొంచెం చిందింది.

అప్పుడు మేం ఉప్పల్‌లో ఉండేవాళ్ళం. నాది బైపీసీ. మొక్కల్ని ఎండబెట్టి, అట్టలకు అతికించి, పేరూ కుటుంబమూ రాసి ఇస్తేనే బోటనీ మేడం రికార్డు మీద సంతకం పెడుతుంది. సంతకం లేకపోతే ప్రాక్టికల్స్ లేవు, ప్రాక్టికల్స్ లేకపోతే పాసు లేదు. పాసు కాకపోతే నాచారంలో మామ పనిచేసే ఫ్యాక్టరీలో చేర్పిస్తానని నాన్న అక్కడ ముందే మాట్లాడి వచ్చాడు. కోపంగా కాదు, కరెంటు బిల్లు కట్టొచ్చినంత మామూలుగా.

మిగతా మొక్కలన్నీ అయ్యాయి. తంగేడు ఎక్కడ పడితే అక్కడ ఉండే పొదే కదా అని చివరికి వదిలేశాను. తీరా వెళ్ళేసరికి బతుకమ్మ పండుగ అయిపోయింది, బతుకమ్మలు పేర్చడానికి అందరూ కోసుకుపోగా మా చుట్టుపక్కల బీళ్ళలో ఒక్క పువ్వూ మిగల్లేదు. సద్దుల బతుకమ్మ మర్నాడు తంగేడు కోసం బయల్దేరిన మేధావిని నేనొక్కణ్ణే అనుకుంటా.

మామ, అంటే అమ్మ తమ్ముడు, తన ఫ్యాక్టరీ గోడ వెనక రెండు పొదలున్నాయన్నాడు. రోజంతా రేకుల్ని నొక్కి డబ్బా మూతలు చేసే ప్రెస్సు దగ్గర నిలబడడం మామ ఉద్యోగం; ఆ ప్రెస్సులున్న విభాగాన్ని షాపు అంటాడు. సాయంత్రం ఇద్దరం వెళ్ళి పూలున్న కొమ్మ ఒకటి కోశాం. అక్కడే ఒక పువ్వు విప్పి నా చదువంతా చూపించాను: ఇదీ చింతచెట్టూ ఒకే కుటుంబం, లోపల పది కేసరాలు, అందులో మూడు పనిచేయవు.

"మా షాపుల గూడ గంతే," అన్నాడు మామ. "పది మందిల ముగ్గురు నిలవడి సూసెటోళ్లే."

ఇక దీన్ని పేపర్ల మధ్య పెట్టి వారం రోజులు నొక్కి ఉంచాలనీ, మేడం పెట్టిన గడువు ఎల్లుండేననీ చెప్పాను. మామ నా వైపు జాలిగా చూశాడు.

"వారమెందుకు అల్లుడా? నొక్కుడే గదా. నా పనే అది."

మర్నాడు ఆ పేపర్ మడత తీసుకెళ్ళి, పైనొక రేకు పెట్టి, ప్రెస్సుతో ఒకసారి నొక్కాడు. చాలదేమోనని ఇంకోసారి నొక్కాడు. ఇంటికి తెచ్చాక విప్పి చూస్తే కొమ్మ పీచయింది, ఆకులు మిషన్ ఆయిల్‌లో తడిసి మరకయ్యాయి, పువ్వు స్థానంలో పసుపు జాడ, దాని మీద సినిమా ప్రకటన తిరగబడి అచ్చయి ఉంది. అలాగే అతికించి, కింద కాసియా ఆరిక్యులేటా, సిసాల్పినియేసీ కుటుంబం అని అందంగా రాశాను. అక్షరాలకైనా మార్కులు పడతాయేమోనని.

మేడం భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"చెవులేవి?" అంది.

తంగేడు ఆకు కాడ మొదట్లో, రెండు పక్కలా, చెవుల్లాంటి చిన్నాకులుంటాయి. ఆరిక్యులేటా, అంటే చెవులున్నది, అన్న పేరు వాటి వల్లే వచ్చింది. అవి లేకపోతే ఇది తంగేడును పోలిన కసింద మొక్క అని ఎవరైనా వాదించవచ్చంది మేడం. పైగా శాస్త్రజ్ఞులు దీన్ని కాసియా ప్రజాతిలోంచి తీసి సెన్నా ప్రజాతిలో వేశారనీ, పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయాలనీ చెప్పింది. పొదకు ఈ బదిలీ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఎలా ఎండబెట్టావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె భూతద్దం పక్కన పెట్టి, ఇంకో వారం గడువిచ్చి, ఈసారీ చెవులు లేకపోతే సంతకం ఉండదంది.

ఇంటికొచ్చి, ఇక నేనూ మీ షాపుకే వస్తాలే మామా అన్నాను. జోకుగానే అన్నాను. మామ నవ్వలేదు.

"జర చుప్ ఉండు. నువ్వు గా ప్రెస్సుల మోతలకు రావద్దు. నేను జెప్తున్న."

మర్నాడు డ్యూటీ దిగి, సైకిల్ వెనక కొమ్మ కాదు, వేళ్ళతో సహా పొదంతా కట్టుకుని వచ్చాడు. గుమ్మంలో దించి చేతులు దులుపుకున్నాడు.

"దీంట్ల యాడనో ఉంటయి నీ చెవులు. ఏరుకో."

ఏరుకున్నాను. వారానికి మేడం సంతకం పెట్టింది, వేసవికి పాసయ్యాను, నాన్న ఫ్యాక్టరీ మాట ఎత్తలేదు. తంగేడు కొమ్మ కాస్త లావు కాబట్టి, పేపర్లో పెట్టేముందు ఒక పక్క బ్లేడుతో చెక్కాలి. పేపర్లు రోజూ మార్చాలి, ముసురు పడితే రెండు పూటలా.