వలిసె నూనె పోసిన మోటారు

సాలూరులో మోటారు తోలడం వచ్చినవాళ్లు ముగ్గురే ఉన్న రోజుల్లో వరహాలరావు వాళ్లలో ఒకడు. పందొమ్మిది వందల ఇరవై ఆరు నాటి మాట. ఆ సంగతి ఊళ్లో ఎవరూ మరిచిపోకుండా అతనే చూసుకునేవాడు. మెడదాకా గుండీలు పెట్టిన ఖాకీ చొక్కాతో, సంతలో వంకాయలు బేరమాడుతూ కూడా గేర్ల గురించే మాట్లాడేవాడు.

అతను తోలే కారు కలప కంట్రాక్టరు జగన్నాథరావుగారిది. ఎవరో దొర వాడి వాడి వదిలించుకుంటే కొన్నారు. లోపల రింగులు అరిగిపోయి, పెట్రోలుకి పోటీగా ఇంజనాయిలు తాగేది. దాని నీలం పొగకి పాచిపెంట ఘాటీ కొండదారిలో మేకలు కూడా దారి ఇచ్చేవి. బండికి జబ్బు చేసిందంటే డ్రైవరుకే పని రాదనుకుంటారేమోనని వరహాలరావు భయం. “ఘాటీ ఎక్కేటప్పుడు ఏ కారైనా ఇంతేనండి” అని యజమానికి సర్దిచెప్పి, సీటు కింది డబ్బాలోంచి గుట్టుగా నూనె పోస్తూ నెట్టుకొస్తున్నాడు.

ఆ ఏడు జ్యేష్ఠంలో కొండ మీద నరికిన కలప చూడడానికి ఇద్దరూ బయల్దేరారు. సగం ఘాటీలో చూస్తే డబ్బా ఖాళీ. నింపుకోవడం మరిచిపోయాడు. నీళ్లు తెస్తానని యజమానితో అబద్ధమాడి, పక్కనున్న గూడెంలోకి పరిగెత్తాడు. మొదటి ఇల్లు బుధు అనే రైతుది. ఇంట్లో అతని భార్య సోములమ్మ ఒక్కతే ఉంది.

“ఆముదం ఉందేటి? బేగి తే,” అన్నాడు. అత్యవసరానికి డ్రైవర్లు ఇంజనులో ఆముదం పోసేవాళ్లు.

సోములమ్మ ఒక సొరబుర్ర తెచ్చింది. “ఆముదం లేదు బాబూ. ఇది వలిసె నూనె, కూరలోకి దాసుకున్నాం. వేడి తగిల్తే బంకయిపోద్ది.”

మూకుడుకి పట్టిన ఆ బంకను ఏళ్ల తరబడి గీకుతున్న మనిషి ఆవిడ. కానీ ఒక కొండ ఆడది తనకి నూనెల సంగతి చెప్పడమా అని వరహాలరావుకి ఒళ్లు మండింది.

“నాకు నేర్పుతున్నావేటి? ఇలా తే,” అని బుర్ర లాక్కున్నాడు.

కారు పొగతో పాటు తాలింపు వాసన కూడా వదులుతూ కొండెక్కింది. “ఆకలేస్తందిరా,” అన్నారు జగన్నాథరావుగారు.

పైన కారు నాలుగు రోజులు కదలకుండా నిలబడింది. ఐదో రోజు పొద్దున ఇంజను తిప్పే హేండిలు తిరగలేదు. కింద బిరడా విప్పితే నూనె కారలేదు, పనస బంకలా వేలికి సాగింది.

“ఏటయిందిరా?” అని యజమాని దగ్గరికొచ్చారు.

డబ్బా నింపడం మరిచిపోయానండి, ఆవిడ చెప్పినా వినలేదండి. అంతే అనాలి. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. ఉద్యోగం పోతే సాలూరులో తలెత్తుకు తిరగలేననిపించి మింగేశాడు.

“ఆముదం అడిగితే గూడెంలో బుధు పెళ్లాం వలిసె నూనె అంటగట్టిందండి. మోసం సేసింది.”

జగన్నాథరావుగారు ఇంకేమీ అడగలేదు. ఎవరి నూనెతో ఆగిందో వాళ్ల ఎడ్లే కారును సాలూరుదాకా లాగాలని చెప్పి, బుధు దగ్గరికి మనిషిని పంపి, తను అక్కడ దొరికిన గుర్రం మీద ముందు దిగిపోయారు. తొలకరి పడింది. చోడి, అంటే రాగులు, విత్తడానికి గూడెం పూజారి దిసారి పెట్టిన రోజు మర్నాడే. గూడెమంతా దున్నుకుంటుంటే బుధు ఎడ్లు మాత్రం మోటారుకి కట్టబడ్డాయి.

వరహాలరావు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా బుధు వీపు. ఆ వీపు చూడాలంటే సిగ్గుగా ఉంది. తల దించుకుంటే కారు లోయలో పడుతుంది కాబట్టి చూడక తప్పలేదు.

మధ్యాహ్నం వాగు దగ్గర ఎడ్లను విప్పి బుధు అతని దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాడు వరహాలరావు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

“తప్పయిపోనాది బాబూ,” అన్నాడు బుధు. “మా ఆడదానికి మీలాటోళ్లతో మాటాడ్డం రాదు. ఏ నూనో మీకు తెలిసేలాగ సెప్పుండదు. సెప్పినానంటాది. అబద్దమాడతన్నావని రెండు దెబ్బలేసినాను.”

నిజం చెప్పడానికి అక్కడ అడ్డెవరూ లేరు. యజమాని ఎక్కడో కింద ఉన్నారు. వరహాలరావుకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

“పోన్లే,” అన్నాడు పెద్దమనసు చేసుకున్నవాడిలా.

బుధు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ దండం కూడా అందుకున్నాడు.

ఉద్యోగం నిలిచింది. మరో ముప్పై ఏళ్లు అదే ఘాటీలో రకరకాల బండ్లు తోలాడు, పదిమందికి డ్రైవింగు నేర్పాడు. మంచి డ్రైవరని పేరు. ఆ గూడెం మలుపు దగ్గర మాత్రం ఎంత బరువున్నా బండి వేగం పెంచేవాడు. సోములమ్మ అక్కడ కట్టెల మోపుతో ఎదురుపడి, దారి పక్కకి తప్పుకుని నిలబడి, అతని ముఖంలోకి చూసేది.