భయాన్ని వెంబడి పట్టుకొని రమ్మన్న మా విజయక్క

నిన్న మధ్యాహ్నం గోండ్‌పిప్రి స్కూల్లో క్లాస్ చెప్పి బయటికి వచ్చానో లేదో, వదిన ఫోన్.

"విజయక్క పోయిందంట. హార్ట్ అటాక్."

"ఏ విజయక్క?" అన్నాను.

నాకు తెలిసిన విజయక్క ఒక్కరే. అయినా అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లో చాలామందికి ఆమె కౌన్సెలర్ మేడమ్. బొగ్గుగని పనికి వచ్చి లాల్‌పేట్‌లో స్థిరపడ్డ మా తెలుగు కుటుంబాలకు మాత్రం విజయక్క.

ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను. కానీ ఆమెను తలచుకుంటే హుషారే వస్తోంది. ఏం చేయను! అలాంటి మనిషి.

తెలంగాణ వస్తుందా రాదా అని మా గల్లీ అంతా టీవీల ముందు కూర్చున్న రోజులవి. నేను మాత్రం అద్దం ముందు కూర్చున్నాను.

నా ముక్కు ఒక పక్కకు వంగిపోయిందని నాకు గట్టి నమ్మకం. బట్టల క్లిప్పు పెట్టి నొక్కేదాన్ని. కాలేజీ మానేశాను. ఇంట్లో కూడా స్కార్ఫ్ కట్టుకునే తిరిగేదాన్ని.

"మంచిగనే ఉంది కదనే" అని అమ్మ ఏడ్చేది. నేను నమ్మలేదు.

చివరికి విజయక్క దగ్గరికి తీసుకుపోయింది.

అక్క నా ముక్కు బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు.

"నీకు వంకర కనబడుతుందా? కనబడనీ. దాంతోని కొట్లాడకు."

అది జపాన్‌లో పుట్టిన మొరిటా థెరపీ అట. ట్రైనింగ్‌కు వెళ్లి నేర్చుకొని వచ్చింది.

ముందు పూర్తి రెస్ట్. వాళ్లింటి వెనక గదిలో ఉత్తగా పడుకోవడమే. ఫోన్ లేదు, అద్దం లేదు, ముచ్చట్లు లేవు. మొదట్లో తల నిండా ముక్కే! తర్వాత ఎంత బోర్ కొట్టిందంటే, ఒక పొద్దున నేనే లేచి చీపురు పట్టి వాకిలి ఊడ్చేశాను.

అక్క పకపకా నవ్వింది. "గిదే కావాలె నాకు! రేపు మెంతికూర మడికి నీళ్లు గుడ పెట్టు."

అలా రోజుకో పని. ఆ పనుల మధ్యే ఇంకో జపాన్ పద్ధతి మొదలుపెట్టింది. నైకాన్. మనకు ఎవరు ఏం చేశారో, వాళ్లకు మనం ఏం చేశామో నెమ్మదిగా గుర్తు చేసుకోవాలి. మామూలుగా అమ్మతో మొదలుపెడతారట.

నన్ను మాత్రం, "నీ ముక్కు నీకేం చేసిందో చెప్పు" అంది.

నవ్వొచ్చింది. తర్వాత నిజంగానే ఆలోచించాను. తొలి వాన వాసన. డ్యూటీ దిగి వచ్చిన నాన్న చొక్కా వాసన. నిద్రలో కూడా ఆగని ఊపిరి.

"మరి దానికి నువ్వేం చేసినవ్?"

క్లిప్పు గుర్తొచ్చింది. నవ్వు పోయి ఏడుపొచ్చింది.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది లాల్‌పేట్‌లో బతుకమ్మ ఎంత జోరుగా చేశామో! సరిహద్దుకు ఇవతల ఉంటే ఏంటి, సంబరం మాది కూడా. పాట ఎత్తుకోవడానికి అక్క నా పేరు ఇచ్చేసింది.

"అక్కా, అందరు వీడియోలు తీస్తరు. నాకు భయమైతుంది."

"కానియ్. భయం పోయినంక వస్తనంటే ఎన్నడు రావు. దాన్ని గుడ ఎంబడి పట్టుకొని రా. ముందుగాల గీ గునుగు పూలు కట్టలు కట్టు."

కట్టాను. భయపడుతూనే కట్టాను.

సాయంత్రం స్కార్ఫ్ లేకుండా మైదానంలో నిలబడ్డాను. ఎన్ని ఫోన్లు నా వైపు! అక్క నా పక్కకు వచ్చి చప్పట్లు మొదలుపెట్టింది.

ఎత్తుకున్నాను.

అంతమంది ఆడవాళ్లు ఒక్కసారిగా పాట అందుకుంటే ఎలా ఉంటుందో తెలుసా? ఒళ్లు ఝల్లుమంది! మాకు పిన్నుల్లాంటి పక్కింటి మరాఠీ మావషీలు కూడా పాట రాకపోయినా మాతో కలిసి తిరిగారు.

మర్నాడు వీడియో చూశాను.

ముక్కు వంకరగానే కనిపించింది.

ఇంకోసారి చూశాను. పాట కోసం.

తర్వాత కాలేజీకి పోయాను, డిగ్రీ చేశాను, టీచర్ అయ్యాను. ఇప్పటికీ కొన్ని పొద్దులు ముక్కు వంకరగానే ఉంటుంది. ముఖం కడుక్కొని బస్సెక్కుతాను.

వెళ్లిరా విజయక్కా.

నువ్వు ఎక్కడున్నా నీ మనసు చల్లగా, నిశ్చింతగా ఉండాలి. 🙏