మొటిమల మీద మడ్డినూనె

నీళ్లు తాగుదామని చెంబు ఎత్తినప్పుడు అంచు గడ్డానికి తగిలి ప్రాణం జివ్వుమన్నది. తడిమి చూస్తే చర్మం లోపల శనగగింజంత గట్టిగా ఉంది, పైకి మాత్రం ఏమీ కనిపించలేదు. అప్పుడు నాకు పదహారేళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్లయిన రోజులు. బెల్లంపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. అంతకు ముందే నా నుదుటి మీద చిన్న చిన్న మొటిమలు ఉండేవి. వయసుకు వచ్చినవి వయసుతోనే పోతాయని అవ్వ, అంటే మా అమ్మ, తేల్చేసింది. క్లాసులో ఆడపిల్లలు వాటిని లెక్కపెట్టి ఏడిపిస్తే నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. ఈ గింజ మాత్రం నవ్వులాటకు వచ్చింది కాదని ఆ రోజే అనిపించింది.

మా బాపు బాయిలో హాలేజి ఇంజన్ దగ్గర ఖలాసీ. బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి గుంజే ఇంజన్ అది. డ్యూటీ నుంచి రాగానే, చెప్పులైనా విడవకముందే, నా చెంప నిమరడం ఆయన అలవాటు. నా చెంప మీద నల్లటి వేలిముద్రలు పడేవి. స్నానం చేసి పిల్లను ముట్టుకోవచ్చు గదా అని అవ్వ రోజూ కోప్పడేది. నేను ఒక్కదాన్నే బిడ్డను. ఆయనకు అంతవరకు ఆగే ఓపిక ఉండేది కాదు.

ఇంజన్ దగ్గర పనిచేసేవాళ్లకు మడ్డినూనె అంటే అన్ని రోగాలకూ మందు. వాడేసిన ఆయిల్ అడుగున చేరే చిక్కటి, నల్లటి మడ్డి అది. చెయ్యి తెగితే అదే, ఎద్దుకు గజ్జి లేస్తే అదే, పిల్లలకు తామర వస్తే అదే. గడ్డం కింద గింజ నాలుగై, చెంపల మీదికి పాకాక బాపు పౌడరు డబ్బాలో ఆ మడ్డి పట్టుకొచ్చాడు.

“గిది వెడితె లోపటి ఇసం మొత్తం బయటికి గుంజుతది బిడ్డా. జర ఓర్సుకో” అన్నాడు.

నన్ను గడపలో కూర్చోబెట్టి చిటికెన వేలితో రాసేవాడు. మంట పుడుతుందేమోనని ఊదుతూ రాసేవాడు. రాసింది మెడ మీదికి, చెవుల వెనక్కి కారేది. ఆ వాసనకు ముక్కు మూసుకునేదాన్ని కానీ, మా బాపు మందు తెచ్చాడన్న సంబరం ముందు అదొక లెక్కా?

పదిహేను రోజులకు మొహం, మెడ ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలతో నిండిపోయాయి. అది చూసి మేం భయపడలేదు. విషం బయటికి వస్తున్నదని సంతోషపడి, ఒక పూట రాసేది రెండు పూటలు చేశాం. మా తెలివి అట్లా ఏడ్చింది. ఆ తర్వాత గడ్డలు ఒకదానితో ఒకటి కలిసి ఉబ్బాయి. పొద్దున లేస్తే దిండు మీద చీము, రక్తం. జ్వరం కూడా వచ్చింది. బడి మానేశాను, ఆ ఏడు పరీక్ష పోయింది. నాకు టీచరమ్మను కావాలని ఉండేది, అది కూడా పోయిందనుకుని ఏడ్చాను.

ఒకరోజు అవ్వ ఖాళీ బిందెతో ఇంటికి తిరిగివచ్చింది. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్లు తమ బిందెలు జరుపుకున్నారట. నాకు పెద్దరోగం వచ్చిందని వాళ్ల అనుమానం. కుష్టుకు మా దగ్గర ఆ పేరు. బాపు ఆ మాట విని తెల్లారి డ్యూటీకి నాగా పెట్టి నన్ను ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు ఆంధ్ర వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. నన్ను కళ్లు మూసుకోమని, దూది పోగుతో మొహం మీద అక్కడక్కడా తాకుతూ, తాకినప్పుడల్లా చెప్పమన్నాడు. ప్రతిసారీ చెప్పాను. స్పర్శ పోలేదు, లెప్రసీ కాదని ఆయన అనగానే బాపు గోడకు ఆనుకుని కిందనే కూర్చున్నాడు.

తర్వాత డాక్టరు నా వేలు పట్టుకుని నా మొహం మీదనే నాకు పాఠం చెప్పాడు. నోరు తెరుచుకుని నల్లగా కనిపించేది బ్లాక్‌హెడ్, నోరు మూసుకుని తెల్లగా ఉన్నది వైట్‌హెడ్. చీము లేకుండా ఎర్రగా పొంగింది పాప్యూల్, చీము పట్టింది పస్ట్యూల్. లోపల మెత్తగా కదిలేది సిస్ట్, దాన్ని పిండితే గుంట మిగులుతుంది. ఇవన్నీ నీ వయసులో వచ్చేవే అన్నాడు. మరి చెవుల వెనక, మెడ మీద ఇన్ని బ్లాక్‌హెడ్స్ ఎందుకున్నాయి, ఏం రాశారు అని అడిగాడు.

బాపు లేచి చొక్కా జేబులోంచి పౌడరు డబ్బా తీసి ఇచ్చాడు. మంచి పని చేశావంటారని ఎదురుచూసే మనిషిలాగా నిలబడ్డాడు. డాక్టరు మూత తీసి వాసన చూసి, బాపును చొక్కా చేతులు పైకి మడవమన్నాడు. మోచేతుల దాకా అవే నల్లటి చుక్కలు. బొగ్గు చర్మంలో దిగిందని మేం ఎన్నేళ్లుగానో అనుకుంటున్నవి.

“ఇది ఆయిల్ యాక్నే, నూనె వల్ల వచ్చే మొటిమలు. నీ చేతుల మీద ఉన్నదే తెచ్చి పిల్ల మొహానికి పూశావయ్యా” అన్నాడు డాక్టరు. కోపంగా కాదు, మామూలుగానే.

“ఇప్పుడు కడిగితె పోదా సారూ?” అని అడిగాడు బాపు.

ఇంటికి వచ్చాక ఆయన అలవాటు కొద్దీ నా చెంప వైపు చెయ్యి చాపాడు. నేను వెనక్కి జరిగాను. “ఇగ నా మొఖం ముట్టకు బాపు. నీ చేతులే నన్ను పాడుచేసినయి” అన్నాను. ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. సరే బిడ్డా అని బయటికి పోయాడు.

వైద్యం ఏడాదిన్నర సాగింది. గంధకం లోషన్, టెట్రాసైక్లిన్ క్యాప్సూల్స్. వారానికోసారి చిన్న ఇనుప పనిముట్టుతో బ్లాక్‌హెడ్స్ తీసేవాళ్లు. నయమైందనుకుని నా అంతట నేనే క్యాప్సూల్స్ ఆపేస్తే దవడ మీద సిస్టులు మళ్లీ లేచాయి. డాక్టరు చివాట్లు పెట్టి మొదటినుంచి మొదలుపెట్టాడు. చివరికి మెడ శుభ్రపడింది. చెంపల మీద గుంటలు మిగిలాయి.

నేను ఆ మాట అన్న రోజు నుంచి బాపు బాయి దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి వచ్చేవాడు. చేతులు కిరసనాయిలుతో తోమి, సబ్బుతో కడిగి, మళ్లీ తోమేవాడు. వేళ్లన్నీ పగిలిపోయాయి. నాకు పుస్తకం అందించాలన్నా బల్ల మీద పెట్టి పక్కకు జరిగేవాడు. నేను అన్నీ చూశాను. ఒక్క మాట వెనక్కి తీసుకుంటే అయిపోయేది. పరీక్ష రాసి పాసైన రోజు కూడా తీసుకోలేదు.

నాలుగేళ్ల తర్వాత ఆయనకు ఛాతీ జబ్బు ముదిరింది. అదే ఆసుపత్రిలో పడుకోబెట్టారు. ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుంటే నా మొహం వైపు చెయ్యెత్తాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆ చేతిని దుప్పటికి తుడుచుకున్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, మళ్లీ ఛాతీ మీద పెట్టుకున్నాడు. నేను కొంచెం వంగితే చాలు. అట్లాగే కూర్చున్నాను. మూడో రోజు పోయాడు.

ఇప్పుడు ఆసిఫాబాద్‌లో ప్రైమరీ స్కూల్ టీచర్ని. నా చెంపలు చూసి అమ్మవారు పోసిందా అని అడుగుతారు. మొటిమలని చెబితే నమ్మరు. మొటిమల పిల్లలను ఎవరైనా నా దగ్గరికి తీసుకొస్తే ముందు చెవుల వెనక చూస్తాను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు, ఇంట్లో ఏం రాశారో ఆ డబ్బా కూడా తప్పకుండా పట్టుకుపోండి. సిగ్గుపడి దాచకండి. ఆ రోజు బాపు జేబులో ఆ పౌడరు డబ్బా లేకపోతే నా మొహం మీద ఉన్నది ఏ రకమో డాక్టరుకు అంత తొందరగా తెలిసేది కాదు. నాకు రోగం తెచ్చింది ఆయనే, దాన్ని పట్టించిందీ ఆయనే. ఇది నాకు ఆయన పోయిన తర్వాత తట్టింది. అప్పటికి చెప్పడానికి బాపు లేడు.