తేదీ లేని సంతకం

మొన్న సోమవారం పొద్దున మా చిన్నమ్మ తాండూరు ఆసుపత్రిలో చనిపోయింది. నేను వికారాబాద్ నుంచి వచ్చి బస్సు దిగేసరికే ఊరి మలుపులో ఫ్లెక్సీ కట్టేశారు. 'మండలాధ్యక్ష పదవిని తృణప్రాయంగా వదులుకున్న త్యాగమూర్తి' అట. కింద నమస్కారం పెడుతున్న నాయకుల ఫొటోలు ఆమె ఫొటో కన్నా పెద్దవి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె వదులుకోలేదు, వీళ్లే గుంజుకున్నారు.

ఎట్లా గుంజుకున్నారో నాకు తెలుసు. ఆ రాజీనామా రాసింది నేనే.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. అధ్యక్ష ఎన్నికకు ముందురోజు పార్టీ పెద్దాయన మా ఇంటికొచ్చాడు. ముందే రాజీనామా రాసిస్తేనే పదవి అన్నాడు. "గిది అందరు రాసిచ్చేదే అక్కా. రివాజు. ఫికర్ జెయ్యకు" అని, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని కాగితం నా ముందు పెట్టాడు. అనారోగ్య కారణాల వల్ల అని చెప్పి రాయించాడు. "తేదీ కాడ జాగ ఇడువు బిడ్డా" అన్నాడు. విడిచాను. "నాకేం రోగమొచ్చింది?" అని చిన్నమ్మ నవ్వుతూ సంతకం పెట్టింది.

ఆమె చూడకుండా పెట్టిన సంతకం అదొక్కటే. రాసింది నేనే కదా అని చదవలేదు.

పదవిలో ఉన్నన్నాళ్లు ఏ కాగితం తెచ్చినా "జర ఆగు, సూసొస్త" అనేది. జీపు కోసం చూసేది కాదు, షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చుని పోయేది. హాస్టల్‌కి పోతే పిల్లల బంతిలోనే కూర్చుని తినేది. పప్పు నీళ్లగా ఉంటే వంటామెను తిట్టేది, తిట్టి మళ్లీ వడ్డించుకునేది.

నాపరాళ్లు పాలిష్ చేసే మిల్లుల బురదను వాగు ఒడ్డున పోసుకోనిమ్మని ఒకసారి తీర్మానం తెచ్చారు. చిన్నమ్మ వాగు చూసొచ్చింది. అప్పటికే దొంగచాటుగా పోస్తున్నారు, నీళ్లు తెల్లగా చిక్కబడ్డాయి. బర్రెలు మూతి పెట్టడం లేదు. "సంతకం నేను పెట్ట" అంది. పెద్దాయన రెండుసార్లు ఇంటికొచ్చి బతిమాలాడు, మూడోసారి రాలేదు.

ఆ వారంలోనే ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకు పోతే అటెండరు వరండాలోనే లేచి నిలబడ్డాడు. "మీ రాజీనామా మంజూరైందంట గదమ్మా. పాణం బాగలేదా?" అన్నాడు. పాపం, అతను నిజంగానే అడిగాడు.

వికారాబాద్ పోయి జిల్లా ఆఫీసులో పెద్ద సారును కలిస్తే, ఆయన కాగితం ముందుకు జరిపి సంతకం మీదే కదా అన్నాడు.

"సంతకం నాదే సారూ. తేదీ నాది గాదు."

తన చేతిలో ఏమీ లేదన్నాడు. వాగులో బురద మాత్రం పడింది, ఈ రోజుకీ పడుతూనే ఉంది. చేతగాక దిగిపోయిందని ఊళ్లో అన్నవాళ్లే ఇప్పుడు త్యాగమూర్తి అంటున్నారు. సిగ్గుండాలి.

చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "నీ రాత మస్తుగున్నది బిడ్డా" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. గ్యాస్ పుస్తకం, మందుల చీటీ, పెళ్లి పత్రిక, ఏది చేతికొచ్చినా ముందు తేదీ వేసేది. చాదస్తమని ఇంట్లో నవ్వేవాళ్లు. నేను నవ్వలేదు. ఆసుపత్రిలో ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర చాలన్నా వినకుండా పెన్ను అడిగి, ముందు తేదీ వేసి, తర్వాత సంతకం పెట్టింది.

దినం నాడు పెద్దాయన దండ పట్టుకుని వచ్చాడు. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచాడు. "నీ రాత బాగుంటది గదా బిడ్డా. సంతాప సభల సదవనీకె నాలుగు మాటలు రాసియ్యి" అన్నాడు.

ఇవే ఆ నాలుగు మాటలు. ఈసారి తేదీ కోసం జాగా విడవలేదు, కాగితం మీద అన్నిటికంటే ముందు దాన్నే వేశాను.

వంటింటి అటక మీద పోయిన ఎండాకాలం ఆమె పెట్టిన మామిడికాయ తొక్కు జాడీ ఉంది. ఇంకా ఎవరూ మూత తీయలేదు. దానికి ఒక చీటీ అంటించి ఉంది. పైన తేదీ, కింద మా చిన్నమ్మ సంతకం.