మావయ్య కెనడా నోట్లు

మావయ్య పోయారని జర్మనీలో మేముండే కొలోన్ నగరంలోని ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. కరోనా రోజులు. ఆఖరి చూపు కూడా దక్కలేదు. సాయంత్రానికి మా కుటుంబం వాట్సాప్ గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలే. వాటి మధ్యలో మా తమ్ముడి ప్రశ్న: "అక్కా, ఆ కెనడా నోట్లు ఎంత పలుకుతాయంట?" ఛీ, ఇంకా దహనమైనా కాలేదు, అప్పుడే బేరమా అనుకున్నాను.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. జర్మనీకి రాకముందు కెనడాలో ఉద్యోగం చేశారు, ఈ పాతనోట్ల పిచ్చి అక్కడే అంటుకుంది. ప్రతి ఆదివారం మా ఇంట్లో పప్పుచారు తిని, చేతులు కడుక్కుని, బాగా ఆరబెట్టుకుని ఆల్బమ్ తెరిచేవారు. "ముందు చుక్క చూడు, తర్వాత రాణిగారి జుట్టు చూడు, ధర ఆఖర్న చూడు" అనేవారు. నంబరు ముందు నక్షత్రం లాంటి చుక్క గుర్తు ఉంటే అది అచ్చులో పాడైన నోటుకు బదులు వేసింది, అరుదు. పందొమ్మిదివందల యాభై నాలుగు నాటి తొలి నోట్ల మీద బ్రిటన్ రాణి బొమ్మలో చెవి వెనక జుట్టు మెలికల్లో దెయ్యం మొహం కనబడుతుంది. జనం గోల చేస్తే తర్వాత ఆ జుట్టు నల్లగా దిద్దారట. "దెయ్యం పట్టిందే ఖరీదు తల్లీ!" అని పగలబడి నవ్వేవారు. నేను ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టేదాన్ని.

ఆసుపత్రికి వెళ్తూ ఆల్బమ్ నాకిచ్చారు. "నేను రాకపోతే అమ్మేయ్. కానీ గుర్తుపట్టేవాడికే అమ్ము." అడిగింది అదొక్కటే.

ఆయన దగ్గుతూ పట్టుకున్న ఆల్బమ్, ఇంట్లో పిల్లలు. నాకు ఒళ్లంతా కంపరం. గ్లవ్స్ తొడుక్కుని ఒక్కొక్క నోటూ సబ్బునీళ్లలో ముంచి, శానిటైజర్ కొట్టి, పైన గుడ్డ పరిచి ఇస్త్రీ చేశాను. పాల డబ్బాలు కడిగినంత శ్రద్ధగా చేశాను.

అంత్యక్రియలయ్యాక పాతనోట్ల వ్యాపారి దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. అతను ఒక నోటును భూతద్దంలో చూసి, దాన్ని వేలితో తడిమి, తలెత్తాడు.

"చుక్కా ఉంది, దెయ్యం మొహమూ ఉంది. ఇలాంటిది నా చేతికి రావాలని ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. సిరా గరుకంతా పోయింది. ఎవరు ఉతికారమ్మా దీన్ని?"

గుర్తుపట్టేవాడు దొరికాడు. కొననన్నాడు.

ఉతికితే నోటు చచ్చినట్టేనని మావయ్య ఎన్ని ఆదివారాలు చెప్పారో! నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపించింది. తమ్ముణ్ణి ఛీ అన్న నోరే ఇది.

అంతకన్నా రోత పుట్టించేది మరొకటుంది. నా ఘనకార్యం మావయ్యకు ముందే చెప్పాను. ఆసుపత్రిలో ఉండగా వీడియో కాల్ చేసి, అదీ మురిసిపోతూ.

"మావయ్యా, మీ నోట్లన్నీ కడిగి ఇస్త్రీ చేసేశా. ఒక్క వైరస్ ఉంటే ఒట్టు!"

ఆయన కళ్లు మూసుకున్నారు. నెట్ ఆగిందేమో అనుకున్నాను. కాసేపటికి ఆక్సిజన్ మాస్కు కొంచెం పైకెత్తి, ఊపిరి కూడదీసుకుని అడిగారు.

"వేళ్లు కాలలేదు కదా తల్లీ?"

నేను నవ్వుతూ పది వేళ్లూ కెమెరా ముందు ఆడించాను.